సేఠు హోటల్ నల్లబోర్డు

తినడానికి నడవడం ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. ఆకలైతే తింటాం, పనుంటే నడుస్తాం. ఒక మనిషిని ముందు పెట్టుకుని, ఇక్కడ ఒక ముక్క తినండి, అక్కడిదాకా నడవండి, అక్కడ ఇంకో ముక్క తినండి అని చెప్పించుకోవడం దొరల పని. అట్లాంటి పనికి నన్నూ తీసుకుపోయారు. రెండువేల ఏడు చివర్లో, చలి మొదలైనప్పుడు.

దుబాయ్‌లో, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాములో పని నాది. ఆ ఏడాది గోదాములో ఎవరికీ దెబ్బ తగల్లేదని ఆఫీసువాళ్ళు సంతోషపడి, ఒక శుక్రవారం సాయంత్రం డేరా పాతబజారులో ఈ తిండి నడక పెట్టుకున్నారు. ఆఫీసు మనుషులు పదిమంది, ముదీర్ అని మేం పిలిచే మా మేనేజరు, క్లినిక్ సిస్టరమ్మ, గోదాము తరఫున నేను. గోదాములో అందరికన్నా పెద్దవాణ్ణని నా పేరు రాశారు. వస్తావా అని ఎవరూ అడగలేదు. అడిగితే రానని చెప్పేవాణ్ణి. డేరాకైతే అసలే రానని.

ఎందుకంటే అంతకు ముందు నేను డేరాలోనే ఒక హోటల్లో పనిచేశాను. సేఠుది హైదరాబాద్ పాతబస్తీ. తెలుగు బాగా వచ్చు, తెలుగులో తిట్లు ఇంకా బాగా వచ్చు. మొదట ప్లేట్లు ఎత్తాను, తర్వాత కడిగాను, తర్వాత తందూరు దగ్గర నిలబడ్డాను. రెండేళ్ళు దాటినా సెలవు లేదు. మా పాస్‌పోర్టులు సేఠు సొరుగులో ఉండేవి. ఆ సొరుగు ఒక్కదానికే తెరుచుకునేది, ఇంట్లో మనిషి పోతే. ఆ సంగతి అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. అందుకని ఊళ్ళో నిక్షేపంగా పొలానికి పోతున్న అమ్మలూ నాయనలూ డేరాలో చాలామంది చనిపోయారు.

మా అమ్మానాయన ఎప్పుడో నిజంగానే పోయారు. తెలివితక్కువగా ఆ మాట నేనే సేఠుకు చెప్పి ఉన్నాను. అన్నదమ్ములు పోయారంటే సేఠు కదలడు. ఇక చంపడానికి నా దగ్గర మిగిలింది నా భార్య ఒక్కతే. ఒక పొద్దున కౌంటర్ ముందు నిలబడి, "సేఠ్, నా పెండ్లాం సచ్చిపోయింది" అన్నాను. ఏడవలేదు. నాకు ఏడుపు రాదు. ఏడవకపోవడం చూసే సేఠు నమ్మినట్టున్నాడు. సొరుగు తెరిచి పాస్‌పోర్టు తీశాడు. పోనురాను టికెట్టు తెప్పించాడు. ఆ పూట తందూరు ఆర్పించి, నా చేత చక్కెర ఎక్కువేసిన చాయ్ తాగించాడు. ఆమె పేరేమిటని అడిగాడు.

మా వైపు ఆ కాలం మనుషులు పెండ్లాన్ని పేరు పెట్టి పిలవరు. "ఏమే", "ఇగో", అంతే. ఆమె కూడా నన్ను పేరుతో పిలవదు. ఇరవై ఏండ్లకు పైగా కాపురంలో ఆమె పేరు నేను నోటితో పలికింది ఆ ఒక్కనాడే, ఆమె చనిపోయిందని చెప్పేటప్పుడు.

ఊరికి పోయి మళ్ళీ ఆ హోటల్‌కి రాలేదు. ఏడాదిన్నర పసుపు పంట వేసుకుంటూ ఊళ్ళో ఉన్నాను. తర్వాత ఏజెంటు వేరే వీసా తెస్తే జెబెల్ అలీకి వచ్చాను. వచ్చిన రెండేళ్ళలో ఒక్కసారి కూడా డేరా వైపు పోలేదు. ఇప్పుడు ముదీర్ వెంట పోవాలి. సేఠు నన్ను చూసి, వీడు మోసం చేసి పోయినవాడు అని ముదీర్ ముందు అన్నాడంటే నా నౌకరి ఖలాస్. ఆ నడక సేఠు హోటల్ ఉన్న సందులోకి తిరగకపోతే చాలు. బస్సెక్కినప్పుడు నేను కోరుకున్నది అదొక్కటే.

బస్సు మమ్మల్ని క్రీక్ ఒడ్డున పడవల దగ్గర దింపింది. గైడ్ లెబనాన్ ఆమె. మూసిన పసుప్పచ్చ గొడుగు ఒకటి జెండాలాగా పైకెత్తి పట్టుకుంది. దాన్ని చూసుకుంటూ నడవాలట, తప్పిపోకూడదట. ఆ సందుల్లో నేను కళ్ళు మూసుకుని నడుస్తాను. కాని ఆమె మమ్మల్ని ముందు వాకిళ్ళ వైపు నుంచి తీసుకుపోయింది. నేనెరిగిన డేరా వెనక తలుపులది. మసాలాల బజారంటే నాకు మిరపకాయల బస్తా మోసిన భుజం మంట. ఇవాళ అదే కొట్టు ముందు మా ఆఫీసువాళ్ళు నిలబడి, తలా ఒక ఏలక్కాయ అరచేతిలో పెట్టుకుని, వాసన చూసి తలలూపుతున్నారు. తర్వాత ఖర్జూరం. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎంతసేపు చూశారో.

సిస్టరమ్మ నా పక్కకు వచ్చింది. పశ్చిమ గోదావరి ఆమె. మాట మెత్తన, సూది గట్టి. ఫోను కార్డు మీది అంకెలు గీకి, నొక్కి, మా ఇంటికి కలిపిపెట్టేది ఆమే. నాకు చదువు రాదు, చూపు ఆనడం లేదని చెప్పుకునేవాణ్ణి. ఆమెకు తెలుసు, తెలియనట్టే ఉండేది. ఫోను కలిస్తే ముందు తనే మాట్లాడి, మోకాళ్ళ మాత్రలు వేసుకుంటున్నారా అని మా ఆమెను అడిగేది.

"ఏంటి బాబాయ్, పోలీసులు పట్టుకొచ్చినట్టు నడుస్తున్నారు?"

"ఏం లేదు సిస్టరమ్మా. ఇంక ఏడేడికి పోతున్నమో జర అడుగు."

"అయిదు చోట్లంట. రెండు అయిపోయాయి."

"మిగిలినయి ఏందో అడుగు."

"పెట్టింది తినక మీకెందుకండి?"

"అడుగమ్మా నువ్వు."

ఆమె పోయి గైడ్ చేతిలో కాగితం చూసి వచ్చింది. "ఇప్పుడు ఇరానీ రొట్టె. ఆఖర్న ఏదో స్వీటు. మధ్యలో హైదరాబాదీ హోటలంట, పాయా నానూ. మన రుచే బాబాయ్, మీకు పండగే."

డేరాలో హైదరాబాదీ హోటళ్ళు ఒకటేనా, నాలుగైదు ఉన్నాయి. అట్లా నాకు నేను చెప్పుకున్నాను. ఇరానీ రొట్టెల దగ్గర నిలబడితే కాలు నిలవలేదు. పొయ్యిలోంచి తీసిన రొట్టె బల్లెడు పొడుగు, గైడ్ చింపి అందరికీ ఇచ్చింది. నా ముక్కను నేను చింపుతూనే ఉన్నాను, నోట్లో పెట్టలేదు. అక్కణ్ణుంచి కుడికి పోతే బంగారం బజారు, ఎడమకు పోతే సేఠు హోటల్. మూలదాకా పోయి చూసి వచ్చాను, మళ్ళీ పోయాను. గైడ్ గొడుగు ఊపి, "యల్లా, బాబా" అని పిలిచింది.

"నాకు కడుపుల నొస్తున్నది, నేను బస్సుల కూసుంట" అన్నాను సిస్టరమ్మతో.

ఆమె అక్కడే నా మణికట్టు పట్టుకుంది, వేరే చేత్తో కడుపు నొక్కి చూసింది. "పొద్దుట్నుంచి ఏం తిన్నారు?"

"ఏం తినలే."

"అది నొప్పి కాదు, ఆకలి. నడవండి."

నర్సు పక్కన ఉండగా కడుపునొప్పి తెచ్చుకోవడం దండగ. గొడుగు ఎడమకు తిరిగింది.

అదే హోటల్. తలుపుకి కొత్త అద్దం, పైన కొత్త లైట్ల బోర్డు, లోపల అవే బల్లలు. సేఠు కౌంటర్‌లోనే ఉన్నాడు. గడ్డం మొత్తం తెల్లబడింది, మనిషి సగమయ్యాడు. నేను టోపీ కనుబొమ్మల దాకా లాక్కుని, కౌంటర్‌కి వీపు పెట్టి, ఒక మూలకు కూర్చున్నాను. ముదీర్ నా ఎదురు బల్ల. సిస్టరమ్మ నా పక్కన.

వాకిట్లో పదిపన్నెండు మంది వరసగా నిలబడి ఉన్నారు, మా లేబర్ క్యాంపు మనుషుల్లాంటి వాళ్ళే. లోపలి నుంచి ఒక్కొక్కరికీ ఒక్కో ప్లేటు అందుతున్నది. గైడ్ ఇంగ్లీషులో ఏదో చెప్పి, గోడకున్న నల్లబోర్డును గొడుగుతో చూపించింది. ఆఫీసువాళ్ళు లేచి దానికి ఫోటోలు తీశారు.

"ఏమంటున్నది?" అన్నాను.

"ఈ హోటల్లో పనిచేసినవాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా పోతే, వాళ్ళ పేర ప్రతి శుక్రవారం ఒక ప్లేటు బయటివాళ్ళకి పెడతారంటండి. ఓనరు వాళ్ళమ్మ పోయినప్పుడు మొదలెట్టాడంట. ఆ బోర్డు మీదున్నవి ఆ పోయినవాళ్ళ పేర్లంట. మంచి మనిషి కదా?"

నేనున్నప్పుడు ఆ బోర్డు మీద ఆ రోజు వంటకాలు రాసేవారు. ఇప్పుడు పైనుంచి కిందిదాకా సుద్దతో ఉర్దూ రాత, వరసకు ఒకటి. సేఠు ఆ రోజు అడిగిన ఆమె పేరు ఎక్కడికి చేరిందో నాకు అప్పుడు తట్టింది. పాయా వచ్చింది. నాన్ వచ్చింది. నేను బోర్డు వైపు చూస్తాను, ప్లేటు వైపు చూస్తాను.

"సిస్టరమ్మా, అందుల మన పేర్లు గిట్ల ఉన్నయా?"

"నాకు ఉర్దూ రాదు బాబాయ్. మనవాళ్ళ పేర్లు ఎందుకుంటాయి?"

తిన్నానో లేదో నాకు గుర్తులేదు. అందరూ తినడం అయిపోయింది. అప్పుడు చేతులు వాటంతట అవే చేసిన పని ఇది. ఎముకలన్నీ పై ప్లేట్లోకి గీకాను. చెంచాలు ఒక గ్లాసులో వేశాను. ప్లేట్లు ఎడమ చేతి మీద మోచేతిదాకా పేర్చాను, నాలుగు గ్లాసులు కుడిచేతి వేళ్ళలో ఇరికించాను. మిగతా హోటళ్ళలో బకెట్ తెచ్చి అన్నీ అందులో పడేస్తారు. ప్లేట్లు చేతి మీద పేర్చడం సేఠు నేర్పిన పద్ధతి. చప్పుడు కాకూడదు, తినేవాడి పక్కకు బకెట్ రాకూడదు. నేను లేచి రెండడుగులు వేశాక గాని, నేను చుట్టంగా వచ్చానని, పనికి కాదని గుర్తురాలేదు. ఆఫీసువాళ్ళు నవ్వారు.

"ఆగు" అన్నాడు సేఠు.

ఆగాను. కౌంటర్ దిగి దగ్గరికి వచ్చాడు. మొహం చూడలేదు, ముందు చేతిని చూశాడు.

"ఈ చెయ్యి నా హోటల్ చెయ్యి. టోపీ తియ్."

తీశాను.

"అరే. నువ్వా మియా." నా చేతిలో ప్లేట్లు తనే తీసుకుని బల్ల మీద పెట్టాడు. "ఎప్పుడొచ్చినవ్? బైఠో, బైఠో."

ముదీర్ చూస్తున్నాడు. సేఠు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు రాకపోతే నాకు గుస్సా రాలే. ఖుదా కసమ్. పెండ్లాం పోయినోడు, మనసు ఇరిగింది, ఇగ రాడు అనుకున్న. నాలుగేండ్లయింది, ఒక్క జుమ్మా కూడ ఆమె ప్లేటు తప్పలే. అగో, బోర్డు మీద ఉన్నది పేరు. మళ్ళ చేసుకున్నవా?"

"లేదు సేఠ్."

అది నిజమే. ఆ హోటల్లో నిలబడి, పేరు తప్ప, ఆమె గురించి నేను చెప్పిన మొదటి నిజం అదే, అది కూడా అబద్ధానికే పనికొచ్చింది. సేఠు చెప్పింది ముదీర్‌కు తెలుగు రాక అర్థం కాలేదు. పాత నౌకరని, మంచి పనిమంతుడని సేఠు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెబితే ముదీర్ నాకు చెయ్యి కూడా కలిపాడు. నేను భయపడింది ఏదీ జరగలేదు. అయినా కుర్చీలో కూర్చోలేకపోయాను. సిస్టరమ్మ చెయ్యి తుడుచుకోవడం ఆపి నన్నే చూస్తున్నది.

వీధిలోకి వచ్చాక అడిగింది. "మొన్న బుధవారం నాతో ఫోన్లో మాట్లాడిందెవరండి?"

"ఆమెనే."

"పోయినవాళ్ళకి మోకాళ్ళు నొప్పెట్టవు బాబాయ్."

మొత్తం చెప్పాను. దాచడానికి ఏం మిగల్లేదు. ఆమె తిట్టలేదు, తిడితే బాగుండేది. కొంతదూరం నడిచి, "పోనీలెండి. ముదీర్‌కి తెలీలేదు. ఆ ప్లేటు తినేవాడెవడో తింటున్నాడు. వదిలేయండి" అంది.

ఆమె చెప్పింది తెలివైన మాట. నేను శకునాల మనిషిని కూడా కాను, పిల్లి ఎదురొస్తే పిల్లిని తిడతాను. కాని బతికున్న మనిషి పేరు చచ్చిపోయినవాళ్ళ వరసలో నాలుగేండ్లుగా ఉన్నది. పేరు అక్కడ ఉండగానే ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. మంచం మీద నుంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నానని ఫోనులో చెప్పింది. రెండింటికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఊరుకుంటుందా లోపల.

ఆఖరి దుకాణంలో వేడి కునాఫా పెట్టారు. జున్ను సాగుతున్నది, పాకం కారుతున్నది, మింగుడు పడదు. ప్లేటు సిస్టరమ్మ చేతిలో పెట్టాను.

"ముదీర్ అడిగితే నమాజుకు పోయిండని చెప్పు."

"మీరు నమాజుకా?"

"అయితే నీకు తోచింది చెప్పు."

ఈసారి నా దారిన నేను పోయాను. గొడుగు లేదు, ముందు వాకిలి లేదు. వెనక సందు, గ్యాసు బండలు, గిన్నెలు కడిగే తొట్టి. తొట్టి దగ్గర ఉన్నవాడు నన్ను ఏమీ అడగలేదు. వంటింట్లోంచి కౌంటర్ దగ్గరికి పోయాను. సేఠు అద్దాలు పెట్టుకుని పేపరు చదువుతున్నాడు.

"సేఠ్. ఆమె బతికే ఉన్నది."

"ఎవరు?"

"నా పెండ్లాం. సచ్చిపోలే. నువ్వు సెలవిస్తలేవని అట్ల చెప్పిన."

సేఠు అద్దాలు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ప్రతి జుమ్మాకు ఆమె పేరు తీసుకుని చేతులెత్తిన నేను."

"అవ్ సేఠ్."

"నీ మీద గుస్సా రాలేదని పొద్దుగాల అందరి ముందట చెప్పిన."

"పొద్దుగాల కాదు, ఇప్పుడే. గంటయింది."

ఎందుకన్నానో తెలియదు. నోరు అట్లాంటిది. సేఠు బోర్డు వైపు తిరిగాడు. "ఇంకెంతమంది ఉన్నరు ఇందుల, బతికున్నోళ్ళు?"

నాకు ఒకరిద్దరి సంగతి తెలుసు. "నాది నేను చెప్పిన. పక్కోనిది నేను చెప్ప."

"సిగ్గున్నదా నీకు?"

"ఉన్నది. ఉండే వచ్చిన. నువ్వు సెలవియ్యలే, నేను సంపిన. ఇద్దరికి కలిపి ఉండాలె సిగ్గు."

అప్పుడు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. బల్లలు తుడిచే తడిగుడ్డ తీసి నా మీదికి విసిరాడు. "పో. నువ్వు రాయించినవ్, నువ్వే తుడువు."

గుడ్డ పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను. ఇరవై పైన వరసలు ఉన్నాయి. అన్నీ ఒక్కతీరే వంకర్లు, చుక్కలు. అందులో ఒకటి నా భార్య. ఏదో నాకు తెలియదు. తప్పు వరస తుడిస్తే ఎవడిదో నిజంగా పోయిన తల్లి పోతుంది, నాది అట్లాగే ఉంటుంది. చెయ్యి పైకెత్తాను, దించాను. మళ్ళీ ఎత్తాను. వెనక తినేవాళ్ళు చూస్తున్నారు.

"ఏమైంది?" అన్నాడు సేఠు.

"ఏదో చూపియ్యి."

నాకు చదువు రాదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. లేచి వచ్చాడు. ముక్కు బోర్డుకు ఆనేంత దగ్గరగా వంగి, పై నుంచి వేలు జరుపుకుంటూ వచ్చి, నడుమ ఒకచోట ఆపాడు.

"ఇది."

"ఇదేనా?"

"ఇదే."

"మంచిగ చూడు సేఠ్."

"ఇదే అంటున్న గద."

తుడిచాను. ఒకసారికి పోలేదు, చుక్కలు మిగిలాయి. రెండోసారి తుడిస్తే పోయాయి. ఆ వరస నల్లగా ఖాళీగా ఉండిపోయింది. సేఠు నా చేతిలో గుడ్డ తీసుకుని కౌంటర్‌లోకి పోయి కూర్చున్నాడు. చాయ్ అనలేదు, కూర్చో అనలేదు. సలాం చెప్తే తీసుకోలేదు. వెనక తలుపు నుంచే బయటికి వచ్చాను. మళ్ళీ ఆ హోటల్‌కి పోలేదు.

బస్సులో సిస్టరమ్మ నా కునాఫా కాగితంలో చుట్టి ఉంచింది. అది చల్లబడి గట్టిపడింది. నమిలాను. చెప్పానని చెబితే, "మంచి పని చేశారు" అంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది, సేఠు వేలు పెట్టి చూపించేటప్పుడు అద్దాలు కౌంటర్ మీదే ఉన్నాయి.

మరునాడు ఫోను కలిపించుకుని మా ఆమెకు చెప్పాను. సగం దాకా విని, "నా దినం నువ్వు చేస్తవో చెయ్యవో అనుకున్న, నాలుగేండ్ల నుంచి సేఠు చేసిండన్నట్టు" అంది. తర్వాత, "తిన్నోళ్ళు సల్లగుండాలె. నువ్వు మాత్రం ఇంకోపాలి సెలవు కావాలంటే నిన్ను నువ్వే సంపుకో" అని ఫోను పెట్టేసింది.

ఆ నెలలోనే సిస్టరమ్మ దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను. శుక్రవారం పూట, క్లినిక్‌లో మనుషులు లేనప్పుడు, మందు చీటీల వెనక వైపు. ముందు ఏం రాయమంటారు బాబాయ్ అంటే ఆమె పేరు రాయమన్నాను. పలకడానికి నోరు రాక, సిస్టరమ్మ ఫోనులో మా ఆమెనే అడిగి రాసింది. మూడు అక్షరాలు. రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటికి నాకు యాభై దాటాయి.

ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను, తెలుగులో ఎవరి పేరు కనిపించినా చదువుతాను. దుకాణాల బోర్డులు, బస్సుల మీద ఊళ్ళు, చావు కార్డులు కూడా. కాని ఆ బోర్డు మీదిది ఉర్దూ. తుడిచింది ఆమె పేరో, ఇంకొకరి పేరో ఈ రోజుకీ నాకు తెలియదు. ఒక్కోసారి శుక్రవారం అన్నం ముందు కూర్చుంటే అది గుర్తొచ్చి చెయ్యి ఆగుతుంది.

"ఏమాలోచిస్తున్నవ్?" అంటుంది మా ఆమె.

"ఆ సేఠు అద్దాలు."

"నేను ఈడ కూసున్న గద. తిను."

గోడ పట్టుకుని లేచి, అడగకుండానే ఇంకో ముద్ద వేస్తుంది.